‘ర’ రాదని పంపిన పిల్లాడు

స్కూలు వాళ్ళ ఉత్తరం చిన్నదే. పిల్లాడికి ‘ర’ పలకడం రావట్లేదు, తెలుగు పీరియడ్‌లో పైకి చదివిస్తే క్లాసంతా నవ్వుతోంది, స్పీచ్ థెరపీ అవసరమేమో చూడండి. వాళ్ళ నాన్న దాంతోపాటు ఇంకో కాయితం తెచ్చారు. నాలుక కింద పొర పొట్టిగా ఉంది, చిన్న కోత పెడితే సరిపోతుందని ఎవరో డాక్టరు రాసిచ్చింది. వెనకే వచ్చిన నాయనమ్మ దగ్గర మూడో కారణం ఉంది: “చిన్నగున్నప్పుడు వస పొయ్యలే. అందుకే గిట్లయింది.”

తాత మాత్రం గుమ్మం పక్క కుర్చీలో కూర్చుని, అందరూ చెప్పడం అయ్యాక ఒకే మాటన్నాడు. “తాతా అని పిలువురా అంటే టాటా అంటడమ్మా. వచ్చిన కాడ్నించి టాటా, టాటా. యాడికి వోతున్నవ్‌రా అని అడుగుతున్న.”

ఆ రోజు అందరితోపాటు నేనూ నవ్వాను. ఫైల్లో మొదట రాసుకోవాల్సిన మాట అదేనని కొన్ని వారాలకి గానీ తట్టలేదు.

ఇంటివాళ్ళ అనుమతితోనే ఈ కేసు రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలు మార్చాను. పిల్లాణ్ణి చిన్నా అంటాను, వాళ్ళక్కని అక్క అనే అంటాను.

ఎక్కడెక్కడ, ఎన్నేళ్ళకి

మా కేస్ హిస్టరీ ఫారంలో ‘ఇంట్లో మాట్లాడే భాష’ అని ఒక గీత ఉంటుంది. అందరూ ‘తెలుగు’ అని రాసేసి కింది గీతకి పోతారు. వీళ్ళూ అంతే. దేశాలు మారిన ఇళ్ళకి ఆ గీత చాలదు. వేరే కాయితం తీసుకుని నెలల లెక్కన గీసుకుంటాను: ఎప్పుడు ఎక్కడున్నాడు, పగలంతా ఎవరి దగ్గరున్నాడు, ఎవరితో ఆడుకున్నాడు, ఇంట్లో వాడితో ఏ భాష మాట్లాడారు, వాడి ముందు ఏ భాష మాట్లాడుకున్నారు. ఆఖరి రెండూ ఒకటి కాదు. ఈ కేసులో ఆ తేడాయే పనికొచ్చింది.

చిన్నా తెనాలిలో, వాళ్ళమ్మ పుట్టింట్లో పుట్టాడు. ఎనిమిదో నెలలో ఇంగ్లండు వెళ్ళారు, లీడ్స్‌కి. పదమూడో నెల నుంచి పొద్దున వదిలితే సాయంత్రం దాకా నర్సరీలోనే. ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడండి, లేకపోతే వెనకబడతాడని అక్కడెవరో చెబితే అమ్మానాన్నా నమ్మారు. వాడితో ఇంగ్లీషు, వాళ్ళిద్దరి మధ్యా తెలుగు. పోట్లాటలైతే పూర్తిగా తెలుగులోనేనట (నేను అడగలేదు, ఆవిడే చెప్పింది). ఆరేళ్ళ నాలుగు నెలలకి అమెరికా, డాలస్. అక్కడ రెండేళ్ళు వారాంతాల్లో మనబడికి వెళ్ళి అక్షరాలూ గుణింతాలూ నేర్చుకున్నాడు. పదేళ్ళు నిండగానే హైదరాబాదు. నా దగ్గరికొచ్చేసరికి పదేళ్ళ మూడు నెలలు.

అక్క వాడికన్నా ఏడేళ్ళు పెద్ద. అవే విమానాలు, అవే ఇళ్ళు. కాకపోతే ఆమె ఏడేళ్ళు దాటేదాకా కరీంనగర్‌లో నాయనమ్మా తాతల దగ్గర పెరిగింది. లీడ్స్‌లో దిగేటప్పటికి ఏడేళ్ళ ఎనిమిది నెలలు, డాలస్‌కి పదమూడేళ్ళ నాలుగు నెలలు.

మొదటి రోజు ఆమెని ఎవరూ తీసుకురాలేదు. ఆమెకి తెలుగు బాగా వచ్చు కదా!

ముందు చెవులు, తర్వాత నాలుక

వినికిడి రెండు చెవుల్లోనూ బాగుంది. నాలుక చాపమంటే పెదవి దాటించి చాపాడు. పై పళ్ళ వెనక తాకించమంటే తాకించాడు. అంగిలికి ఆనించి టక్‌మనిపించమంటే గదిలో గుర్రాన్నే పరుగెత్తించాడు. పొర పొట్టిదైతే ఈ మూడూ ఇంత సులువుగా కావు. ప-ట-క, ప-ట-క అని గబగబా అనమన్నా ఎక్కడా తడబడలేదు. కోత మాట పక్కన పెట్టమని వాళ్ళ నాన్నకి ఆ రోజే చెప్పేశాను.

ఇక ‘ర’. ఇంగ్లీషు బొమ్మల కార్డులు చూపిస్తే రెడ్, ర్యాబిట్, రన్, ఒక్కటీ తప్పలేదు. ఇంగ్లీషు ‘ర’కి నాలుక పైన ఎక్కడా తగలదు, పెదవులు కాస్త గుండ్రమవుతాయి. మన ‘ర’కి నాలుక కొన చిగురుని ఒక్కసారి తట్టి దిగాలి. వీడు తెలుగు మాటల్లో కూడా ఆ తట్టని ‘ర’నే పెడుతున్నాడు. రాముడు అంటే టీచరు చెవికి ‘వ్రాముడు’ లాంటిదేదో వినపడింది. అంటే పిల్లాడికి ‘ర’ వచ్చు, పరాయి దేశపు ‘ర’ వచ్చు.

నన్ను కలవరపెట్టింది ఇంకొకటి. చార్ట్, నంబర్, క్వార్టర్ అన్నప్పుడు మాట లోపలా చివరా ‘ర’ గట్టిగా వినిపించింది. అదే గంటలో హార్స్‌ని ‘హోస్’ అన్నాడు, స్టార్‌ని ‘స్టా’ అన్నాడు. నోట్సులో ‘నిలకడ లేదు’ అని రాసి పక్కన ప్రశ్నార్థకం పెట్టాను. ఉచ్చారణ తప్పుల్లో నిలకడ లేకపోతే మాకు గుబులు. మెదడు నుంచి నోటికి వెళ్ళే ఆదేశాల్లో ఇబ్బందేమైనా ఉందా అన్న వైపు ఆలోచన పోతుంది.

రెండో వారం అక్కని కూడా తీసుకురమ్మన్నాను. ఇద్దర్నీ ఆటల గదిలో కూర్చోబెట్టి, లూడో బోర్డు చేతికిచ్చి, రికార్డరు పెట్టి నేను బయటికొచ్చాను. తర్వాత వింటే ఆ పది నిమిషాల్లో వాడి మాటల చివర ‘ర’ ఒక్కచోట కూడా లేదు. బస్ ‘బుస్’ అయింది, కప్ ‘కుప్’ అయింది. వాటర్‌లో ‘ట’ని గొంతులోనే నొక్కేసి ‘వో-అ’ అన్నాడు. అచ్చంగా ఇంగ్లండు ఉత్తరాది మాట. ఆట అయ్యాక నేను లోపలికెళ్ళి “దాహమేస్తోందా?” అనడిగితే అదే నోట్లోంచి ‘వాడర్’ వచ్చింది, చివరి ‘ర’తో సహా.

అక్కతో లీడ్స్, మిగతా లోకంతో డాలస్. ‘ర’ పలకలేని పిల్లాడు అక్క దగ్గరా పలకలేడు, నా దగ్గరా పలకలేడు. ప్రశ్నార్థకం కొట్టేశాను. హార్స్, స్టార్ నర్సరీ రోజుల మాటలు, ఆ ఊళ్ళో పుట్టినట్టే ఉండిపోయాయి. చార్ట్, క్వార్టర్ టెక్సస్ బళ్ళో నేర్చినవి.

ఏడూ, పద్నాలుగూ

కెనడా నుంచి ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్‌షైర్‌కి వెళ్ళిన రెండు కుటుంబాల్లోని ఆరుగురు పిల్లల మాటని భాషాశాస్త్రవేత్త జె.కె. ఛేంబర్స్ పరిశీలించి 1992లో ప్రచురించాడు. ఏడేళ్ళలోపు మారినవాళ్ళకి కొత్త యాస దాదాపు ఖాయం, పద్నాలుగు దాటి మారినవాళ్ళకి దాదాపు రాదు, మధ్యలో ఉన్నవాళ్ళ సంగతి మనిషిని బట్టి అని ఆయన తేల్చింది. ఈ అక్కాతమ్ముళ్ళని చూస్తే ఆ లెక్క కళ్ళముందు కనపడుతుంది. చిన్నా ఆరేళ్ళ నాలుగు నెలలకి డాలస్ వెళ్ళి, అక్క లేని చోట డాలస్ పిల్లాడైపోయాడు. అక్క పదమూడు దాటాక వెళ్ళింది. మూడున్నరేళ్ళున్నా ఆమెకి అంటింది కాసిని మాటలే. అడుగున ఉన్నదంతా లీడ్స్.

వయసొక్కటే చాలదు. ఆర్విల్లా పేన్ 1980లో ఫిలడెల్ఫియా శివారు కింగ్ ఆఫ్ ప్రష్యాలో చూసిందేమిటంటే, వలస వచ్చిన ఇళ్ళ పిల్లలకి ఆ ఊరి అచ్చులు చాలా మటుకు పట్టుబడ్డాయి. ‘క్యాట్’లోని ‘యా’ని అక్కడివాళ్ళు ఏ మాటలో ఎలా సాగదీస్తారన్న చిక్కు పద్ధతి మాత్రం, తల్లిదండ్రులు కూడా అక్కడివాళ్ళయితే తప్ప పూర్తిగా రాలేదు. ఆ పరిశోధన చదివినప్పుడల్లా నాకు మన ఊళ్ళు గుర్తొస్తాయి. శ్రీకాకుళం నుంచి హైదరాబాదుకి చదువుకోడానికొచ్చిన ఏడాదిలో నా మాట మారిపోయిందనుకున్నాను. ఇరవయ్యేళ్ళ తర్వాత కూడా ఆటోవాళ్ళు “మీది ఏ వూరు మేడమ్?” అంటూనే ఉంటారు. ఎక్కడ దొరికిపోతున్నానో ఈ పనిలో ఉండి కూడా కనిపెట్టలేకపోయాను.

చిన్నా తెలుగు దగ్గరికొస్తే ప్రశ్న వేరు. త, ట తేడా వాడి చెవికే తెలియట్లేదా, తెలిసీ నోటికి రావట్లేదా? జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ 1984లో చూపించింది సరిగ్గా ఈ శబ్దాల గురించే. ఇంగ్లీషు ఇళ్ళ పసిపిల్లలు ఆరు నుంచి ఎనిమిది నెలల మధ్య హిందీ త, ట తేడా పట్టగలరు, పది పన్నెండు నెలలకి చాలామందిలో అది జారిపోతుంది. చిన్నా ఇంగ్లండులో దిగింది ఎనిమిదో నెలలో. నేను జారిపోయే ఉంటుందనే అనుకున్నాను.

పాత-పాట, మాత-మాట, కోత-కోట, గది-గడి. తెర వెనకనుంచి చెబుతూ, రెండూ ఒకటేనా వేరా అనడిగాను. ఇరవై జతల్లో పదిహేడు సరిగ్గా పట్టాడు. చెవి పోలేదు. వాడితో ఎవరూ తెలుగు మాట్లాడకపోయినా, తల మీదుగా పదేళ్ళు తెలుగు నడిచింది. ఆ పోట్లాటలు ఊరికే పోలేదన్నమాట.

కల-కళ, వేల-వేళ దగ్గర సగానికి సగం ఊహే. దాన్ని నేను లెక్కలోకి తీసుకోలేదు. హైదరాబాదులో పుట్టి పెరిగిన పిల్లల్లోనే ‘ళ’ సగం కరిగిపోయింది, క్లాసులో లేనిదాన్ని వీడొక్కడి నెత్తిన ఎందుకు పెట్టాలి?

నోటి సంగతి ప్రాట్ అనే సాఫ్ట్‌వేర్‌లో చూశాను. ‘కాకి’ అని తాతా మనవడూ ఇద్దరిచేతా అనిపించి రికార్డు చేశాను. తాత ‘క’లో నోరు విడివడ్డాక గొంతు మోగడానికి 20 మిల్లీసెకన్ల చిల్లర. మనవడిది 70కి దగ్గర. ఆ ఖాళీలో వచ్చేది ఊపిరి. ఇంగ్లీషులో మాట మొదట్లో క, ట, ప లకి ఆ ఊపిరి మామూలు. తెలుగులో వింటే కాకి ‘ఖాఖి’కి దగ్గరగా పోతుంది. తాత టాటా అవడానికి కారణాలు రెండు: నాలుక పళ్ళకి కాక వాటి వెనక చిగురుకి ఆనడం, పైన ఈ ఊపిరి.

నాన్న అడిగింది

రిపోర్టు వివరించేటప్పుడు నాన్న అన్నారు: “తెలుగు సరే మేడమ్, ఇంగ్లీషుని కూడా న్యూట్రల్ చేసేయండి. ఒకసారి ఇలా, ఒకసారి అలా ఉంటే బాగోదు కదా.” ఆయనది హైటెక్ సిటీ ఉద్యోగం, ఆ మాట అక్కడిది. న్యూట్రల్ యాసంటూ ఏదీ లేదని, ఉన్నదల్లా వినేవాడికి అలవాటైన యాసేనని చెప్పాను. యాస జబ్బు కాదు, తేడా. అది మా వృత్తిలో మొదట నేర్చుకునేదే అయినా, ఫీజు కట్టడానికి వచ్చినవాళ్ళతో అనడం అంత తేలిక కాదు. ఇంగ్లీషుని ముట్టుకోనన్నాను. తండ్రి ముఖం చిన్నబోయింది. అమ్మ మాత్రం, “మా వాడు వాళ్ళక్కతో మాట్లాడేది పోగొడతారేమోనని నాకు భయంగానే ఉందండీ” అంది.

తెలుగుకైనా పని పెట్టుకోవడం అవసరమా అన్నది నిజమైన సందేహమే. 2018 చట్టం తర్వాత తెలంగాణలో ఏ బోర్డు స్కూలైనా తెలుగు నేర్పాలి, కాబట్టి పీరియడ్ తప్పదు. కానీ నేను స్కూలుని కాక పిల్లాణ్ణి అడిగాను. వాడికి కావలసినవి రెండు: తాత నవ్వకుండా పలకాలి, కింద సెల్లార్‌లో క్రికెట్ ఆడేవాళ్ళు టీములోకి తీసుకోవాలి. అందుకని మూడే లక్ష్యాలు పెట్టుకున్నాం. త, ద పళ్ళకి ఆనాలి, ‘ర’ తట్టాలి, ద్విత్వం నిలవాలి. ద్విత్వం అమ్మ కోరిక. వాడు “అటు కావాలి” అంటే ఆవిడ అటు చూసేదట, కావలసింది అట్టు.

నేను చెడగొట్టింది

మొదటి మూడు వారాలు పుస్తకం ప్రకారం పోయాను. అద్దం ముందు కూర్చోబెట్టి త-త-త ఇరవై సార్లు, నాలుక చూసుకో, మళ్ళీ ఇరవై సార్లు. నాలుగో వారం తెలుగు టీచరు ఫోన్ చేసింది. ఇదివరకు తప్పో ఒప్పో చదివేవాడు, ఇప్పుడు అసలు నోరు విప్పట్లేదంది. ఇంట్లో తాతని పిలవడం కూడా మానేసి, దగ్గరికొచ్చి చొక్కా పట్టి లాగుతున్నాడట.

తప్పు నాదే. వాడికి తన నోరు తనకే వినపడేలా చేశాను. అంతవరకు నవ్విన పిల్లలకి అర్థమైంది గానీ వాడికి తెలియని తప్పు, ఇప్పుడు ప్రతి అక్షరానికీ వాడికే తెలుస్తోంది. అద్దం తీసేశాను. రెండు వారాలు ఏ శబ్దమూ దిద్దకుండా ఆటలే ఆడాం.

తర్వాత దారి మార్చాను. కొత్త శబ్దం నేర్పకుండా, వాడి నోట్లో అప్పటికే ఉన్నదాన్నే వెతుక్కోవాలనుకున్నాను. అమెరికా ఇంగ్లీషులో రెండు అచ్చుల మధ్య, నొక్కి పలకని చోట ‘ట’ వస్తే అది ‘ట’గా ఉండదు. సిటీ, బెటర్, వాటర్, అన్నిట్లోనూ నాలుక కొన ఒక్కసారి తట్టి వచ్చేస్తుంది. అది దాదాపు మన ‘ర’.

“డాలస్‌లో ఆటో అనే మాటని ఎలా అంటారు?” అనడిగాను. అన్నాడు. రికార్డు చేసి, గుమ్మం దగ్గరున్న తాతకి వినిపించాను.

“ఏమన్నాడు?”

“ఆరో అన్నడు.”

“ఏ ఆరో?”

“ఆరో నంబరు, ఆరో తరగతి, గా ఆరో.”

చిన్నా కుర్చీలోంచి లేచిపోయాడు. “నో! ఐ సెడ్ ఆటో!” తాత ఒప్పుకోలేదు. మళ్ళీ వినిపించమన్నాడు, మళ్ళీ ఆరో అనే అన్నాడు. నాలుగుసార్లయ్యాక పిల్లాడికే వినపడింది. తన నోట్లో పదేళ్ళుగా లేదనుకుంటున్న అక్షరం రోజుకి వందసార్లు పలుకుతున్నాడని తెలిసి నవ్వు ఆపుకోలేకపోయాడు. ఆ రోజు ఊరు, చారు, పేరు మూడూ వచ్చేశాయి. మాట మొదట్లో ‘ర’కి ఇంకో నెల పట్టింది. ప్ర, క్ర లాంటివి ఇప్పటికీ అంతంతమాత్రమే.

‘త’కి గురువులు క్లాసువాళ్ళే. “నీ ఫ్రెండ్స్ థాంక్యూ అన్నప్పుడు నాలుక ఎక్కడ పెడుతున్నారో చూసి రా” అన్నాను. మర్నాడొచ్చి, వాళ్ళు థాంక్యూలో గాలి వదలట్లేదని, పళ్ళకి నొక్కి ఆపేస్తున్నారని రిపోర్టిచ్చాడు. అదే ‘త’ చోటు. ఊపిరి తగ్గించడానికి స్టాప్, స్కూల్ వాడాం. ఇంగ్లీషులో కూడా ‘స’ తర్వాత వచ్చే ట, క లకి ఆ ఊపిరి ఉండదు. స్కూల్ అంటూ మెల్లిగా ‘స’ని వదిలేస్తే మిగిలేది తాత ‘క’.

వారానికి రెండు సెషన్ల చొప్పున పద్నాలుగు వారాలయ్యేసరికి తాత తాతయ్యాడు. కాకిలో ఊపిరి 30 మిల్లీసెకన్ల దగ్గరికొచ్చింది. ద్విత్వం మాటల జాబితాలో బాగానే ఉంటుంది, ఆకలేస్తే మాత్రం మళ్ళీ అటే.

ముట్టుకోనన్న ఇంగ్లీషు తనంతట తనే మారడం మొదలుపెట్టింది. సెల్లార్ క్రికెట్ టీములో చేరిన రెండు నెలలకి వాటర్‌లో ‘ట’ వచ్చేసింది, ప్రతి వాక్యానికీ ముందు ‘అరే’ వచ్చింది. నాన్నకి కావలసిన న్యూట్రల్ అదేనేమో తెలీదు, ఆయన మళ్ళీ అడగలేదు.

అక్క సంగతి

ఆ లూడో రికార్డింగుని తమ్ముడి కోసం ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. పదోసారో ఎప్పుడో అక్క తెలుగు మీద చెవి పడింది. మధ్యలో నాయనమ్మ గదిలోకొచ్చి ఏదో అడిగితే జవాబు చెప్పింది. త, ట, ణ, ళ అన్నీ నిండుగా ఉన్నాయి, కరీంనగర్ సాగదీత తో సహా. కళ్ళు మూసుకుంటే ఊళ్ళోనే పెరిగిన పిల్ల. కానీ మాటలు? “ఆకలైతుంది”, “గది గావాలె”, “వాడు గొట్టిండు”. అడిగితే ఇంకో మూడు నిమిషాలు మాట్లాడింది. కాలేజీ గురించి చెప్పాల్సి వచ్చేసరికి ఇంగ్లీషులోకి జారిపోయింది, నిరుడు చదివిన నవల గురించి అడిగితే తెలుగు పూర్తిగా ఆగిపోయింది. శబ్దాలన్నీ ఉన్నాయి, మాటల వయసు మాత్రం ఏడేళ్ళ దగ్గరే ఆగింది. చదవడం తమ్ముడి కంటే తక్కువ వచ్చు. మనబడికి వాణ్ణి పంపారు, పెద్దదానికి తెలుగు వచ్చు కదా అని ఆమెని పంపలేదు.

యాస అంత చక్కగా ఉండడమే ఆమెకి చిక్కు తెచ్చింది. చిన్నా నోరు తెరిస్తే బయటి పిల్లాడని అందరికీ తెలుస్తుంది, నెమ్మదిగా మాట్లాడతారు, తప్పులు క్షమిస్తారు. అక్క రెండు మాటలంటే చాలు, బస్సులో, కాలేజీలో, పెళ్ళిళ్ళలో పూర్తి వేగంతో మొదలుపెడతారు. ఆమె నవ్వి తలూపుతుంది. పొగరని పేరొచ్చిందట. “డాలస్‌లో నన్ను బ్రిటిష్ అన్నారు మేడమ్. ఇక్కడ ఇంగ్లీషు మాట్లాడితే అమెరికా పిల్ల అంటారు, తెలుగు మాట్లాడితే ఏమీ అనరు, అదే కష్టం” అని ఇంగ్లీషులో చెప్పింది.

ఇద్దరిలో సాయం ఎక్కువ కావలసింది ఎవరికో రిఫరల్ ఉత్తరం చెప్పలేదు. చెవికి అడ్డం తగిలినవాణ్ణి పంపారు. అక్క పని నా పరిధి కూడా కాదు, ఆమెకి కావలసింది థెరపీ కాదు, తెలుగు టీచరు. తెలిసిన ఒకావిడ దగ్గరికి పంపాను. ఆరో తరగతి వాచకంతో మొదలుపెట్టారు.

చిన్నా ఫైలు మూసిన ఆరు నెలలకి ఎలా ఉన్నాడో కనుక్కుందామని ఇంటికి ఫోన్ చేశాను. వాడే ఎత్తాడు. “హలో, ఎవరండీ? ఆ, మేడమ్, బాగున్నా” అన్నాడు, హైదరాబాదీ గొంతుతో, తట్టే ‘ర’తో. అక్క ఉందా అన్నాను. ఫోన్ పక్కన పెట్టకుండానే లోపలికి అరిచాడు: “ఇట్స్ ఫో యూ!” అందులో ‘ర’ లేదు.